నస్రీన్ మేడం కడిగి చూపిన వేర్లు

మట్టి నమూనాల మీద ఆమ్లం పోసి వేడిచేసినప్పుడు లేచే ఘాటుకు ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి. ఆ వాసన సోకితే చాలు, నల్లగొండ ప్రయోగశాలలో నా తొలి అధికారి నస్రీన్ మేడం గుర్తుకొస్తారు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేనక్కడ ఉద్యోగంలో చేరాను. పొలంలో విషముంటే యంత్రం కంటే ముందు మొక్కే చెబుతుందని ఆమె నమ్మకం.

ఒకరోజు ఆలేరు వైపు నుంచి లింగయ్య అనే రైతు పసుపెక్కిన పాలకూర మొక్కలు వేళ్లతో సహా పట్టుకొచ్చాడు. "ఎన్ని మందులు కొట్టిన గని ఎదుగుతలేదు మేడం" అన్నాడు. నేను ఆకులు చూస్తుంటే మేడం వేర్లు చూశారు. పొట్టిగా, గోధుమరంగులో, పిల్లవేర్లు లేకుండా ఉన్నాయి.

"మీ చేను పక్కకు ఏమున్నదన్నా?"

పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు ఉందని, వానొస్తే దాని నీళ్లు తన మడిలోకే వస్తాయని అతను చెప్పాడు.

మరునాడే వెళ్లి ఆ మడి మట్టినీ, ఆ నీళ్లు చేరని ఎగువ చెలక మట్టినీ తెచ్చాం. మడి మట్టిలో సీసం బాగా ఎక్కువగా తేలింది. కాగితం చేతికిచ్చి పంపితే సరిపోతుందనుకున్నాను. మేడం మాత్రం రెండు చోట్ల మట్టినీ వేర్వేరు కుండీల్లో నింపి, ఒకే విత్తనం వేసి, ఒకేలా నీళ్లు పోయించారు. మొక్కలు ఎదిగాక షెడ్డు మీద నివేదిక రాసి, వాటిని తీసుకుని నాతోపాటు లింగయ్య ఊరికి బయలుదేరారు.

షెడ్డులో పనిచేసేవాళ్లు అడ్డుపడ్డారు. "మీరు రాసినదాంతోని మా పని పోతది. మా పిల్లలేం తినాలె?" అని ఒకామె నిలదీసింది. మేడం గొంతు పెంచలేదు. బకెట్ నీళ్లలో రెండు మొక్కల వేర్లు కడిగి ఆమె చేతిలో పెట్టారు. చెలక మట్టిలోది తెల్లగా, కుచ్చులా ఉంది. మడి మట్టిలోది మాడిన పోచలా ఉంది.

"గీ మట్టిల పెరిగిన కూరనే మీ పిల్లలు తింటున్నరు చెల్లె. జర ముందుగాల వాళ్లను దవాఖానల చూపియ్యి."

ఆమె ఆ వేర్లను చాలాసేపు చూసి, "మా చిన్నోడు రోజు కడుపు నొస్తాందంటడు" అంది మెల్లగా.

ఊరు కదిలింది. మేడం నివేదికతో షెడ్డు మూతపడింది. పిల్లలకు రక్తపరీక్షలు చేశారు, చిన్నోడికి వైద్యం అందింది. లింగయ్య ఆ మడిలో తిండి పంట మాని బంతిపూలు వేశాడు. పని పోయినవాళ్ల కోసం మేడం మండలాఫీసు చుట్టూ తిరిగారు. అందరికీ పని దొరకలేదు. ఆ సంగతి ఆమెను చాన్నాళ్లు బాధించింది, కానీ రాసిన దాంట్లో ఒక్క అక్షరం మార్చలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నేనే అధికారిని. చెడు ఫలితం వస్తే పోస్టులో పంపనివ్వను. ఆ చేను గట్టు మీద నిలబడి, ఆ ఫలితంతో నష్టపోయే మనిషి మొహం చూసి చెప్పి, వాళ్లడిగిన ప్రతిదానికీ బదులిచ్చాకే బండెక్కుతాను.