ముప్పావు రైతులకే

మా కోలారు టొమాటో మండిలో కంప్యూటర్లు చూసే అతను మాటకు ముందు అరచెయ్యి కిందికి ఊపేవాడు, మెల్లగా అన్నట్టు. ఆరోజు వేలం నడుస్తుండగానే పాత సర్వరులోని పనంతా కొత్తదానికి మారుస్తున్నాడు. అందుకు, వేలం కూడా నడిచే ఇంటర్నెట్ లైనులో పావు వంతే వాడాడు.

"ఇంగ ఎంతసేపప్పా, నత్త మాదిరి? లైను మొత్తం వాడుకో," అన్నాడు మండి కార్యదర్శి.

"వాడితే వేలం నిలిచిపోతాది సార్. ముప్పావు రైతులకే ఉండనీండి."

"చెప్పింది చెయ్యి!"

పది ఇరవైకి చేశాడు. వేలం ఆగింది. నలభై నిమిషాలు క్రేట్లు ఎండలో మగ్గాయి. ఇదంతా మండి రిజిస్టరులో గుమాస్తాగా నేనే రాశాను, ఎవరు చెప్పారో కూడా. అయినా ఆరోజే ఉద్యోగంలోంచి తీసేసింది అతన్నే! కాగితంలో రాసిన కారణం: జాప్యం.

ఆ కాగితం అందుకుంటూ అతను నన్ను అడిగింది ఒక్కటే: "వేలం మళ్లీ నడస్తా ఉండాదా అమ్మా?"