బంతి లేని వైపు

తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ మైదానంలో అడుగుపెట్టగానే, గీతలకు అప్పుడే పోసిన తడి సున్నం వాసన ముక్కుకు తగులుతుంది. ఎవరికైనా ఆట గుర్తు రావాలి. నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు. వెంటనే ఒళ్లు మండుతుంది.

ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కోసం కాలేజీ ఆటగాళ్లను చూసి ఎంపిక చేసే పని ఆయనది. ఆయన కింద మూడేళ్లు పనిచేశాను. ఒక్కసారి కూడా ‘బాగా చేశావు’ అనలేదు. మొదటి రోజే, మ్యాచ్ మధ్యలో పదిమంది చూస్తుండగా నా గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పారు. “బంతిని సూసెటందుకు శానమంది ఉన్నరు. నువ్వు బంతి లేని దిక్కు సూడు,” అన్నారు. అంతలో గోల్ పడింది. మైదానమంతా అరిచింది. నేను మాత్రం చూడలేదు. ఇదేం ఉద్యోగమని ఆ రోజే విసుక్కున్నాను.

ఆ ఏడాది క్లబ్బుకు కావలసింది ఒకే ఒక్క డిఫెండరు. బంతి అందరినీ దాటి వచ్చేశాక గోల్‌కీపర్ ముందు మిగిలే చివరి మనిషి. పోటీలో ఇద్దరు మిగిలారు. మొదటివాడు సందీప్. ఎగిరి, జారి, మట్టిలో దొర్లి బంతి లాక్కునేవాడు. జనం ఈలలు వేసేవారు. రెండోవాడు మహేశ్. తొంభై నిమిషాలు ఆడినా వాడి జెర్సీకి మట్టి అంటేది కాదు. నేను రిపోర్టులో సందీప్ పేరు రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. మ్యాచ్ అయ్యాక వాడి భుజం తట్టి, “నీది పక్కా,” అనేశాను. వాడు అక్కడే నిలబడి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు.

సార్ నా రిపోర్టును క్లబ్బు వాళ్లందరి ముందు తెరిచారు.

“సందీప్ తొమ్మిదిసార్లు పడి బంతి గుంజుకున్నడని రాసినవ్. ఎందుకు పడ్డడు?”

“లేకపోతే గోలే కదా సార్.”

“ముందుగాలనే గాడ నిలబడితే పడుడెందుకు? గప్పుడు మహేశ్ అయితే ఏడ నిలబడుతుండె, చెప్పు.”

వాడు ఎక్కడ నిలబడతాడో నేను చూడనే లేదు. ఎదురుగా కూర్చున్న ఒకాయన నవ్వాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తే.

సార్ తప్పని నిరూపించాలని తర్వాతి మ్యాచ్‌లో మహేశ్ ఒక్కడినే చూశాను. బంతి ఇంకా అవతలి సగంలో ఉండగానే వాడు రెండడుగులు జరిగేవాడు, కేకేసి పక్కవాళ్లను సర్దేవాడు. బంతి తెచ్చే అవతలి జట్టువాడు తలెత్తి చూసి, దారి లేక వెనక్కి తిరిగేవాడు. ఇక చేసేదేముంది? పళ్లు కొరుక్కుంటూ మహేశ్ పేరుతో రిపోర్టు తిరగరాశాను.

సార్ చదివి సంతకం పెట్టారు. “ఇగ పోయి సందీప్‌కు చెప్పు.”

“నేనా? క్లబ్బు మెయిల్ పంపుతుంది కదా సార్.”

“వద్దన్నోని ముఖం జూసి చెప్పాలె. ఎందుకు వద్దన్నమో ఒక్క ముచ్చట చెప్పాలె, వాడు దిద్దుకునేటిది. గది చేతకాకుంటే ఈ పని ఇడిసిపెట్టు.”

హాస్టల్ గదిలో సందీప్ బూట్లు తుడుచుకుంటున్నాడు. “ఏందన్నా, మిఠాయి తెచ్చినవా?” అని నవ్వాడు. చెప్పాను.

“అమ్మ గల్లీ మొత్తం చెప్పుకున్నదన్నా. ఇగ ఇంటికి ఎట్ల పోవాలె?”

“నువ్వు ఆలస్యంగా వస్తున్నావు, అందుకే పడుతున్నావు,” అని మాత్రం చెప్పాను. వాడు మళ్లీ బూట్లు తుడవసాగాడు. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే, సార్ “చాయ్ తాగినవా?” అన్నారు. అంతే.

ఆయన మానేశాక ఆ పని నాకొచ్చింది. పోయిన వారం నేను వద్దన్న ఒక కుర్రాడు నా ముఖం మీదే తలుపు వేశాడు. హాస్టల్ మూడో అంతస్తు, మిట్టమధ్యాహ్నం, పైగా ఆకలి. మెయిల్ పెట్టి పోవచ్చు, ఎవరూ అడగరు. యాదగిరి సార్‌ను నోరారా తిట్టుకుంటూ ఆ తలుపు ముందే నిలబడ్డాను. వాడికి కారణం ఇంకా చెప్పలేదు కదా.