బ్యాటరీకి పోసిన నీళ్ళు

కరెంటు దీపాలు అమలాపురానికి కొత్తగా వచ్చిన రోజులవి. వచ్చాయంటే కొత్తల్లుడు వచ్చినట్టు వచ్చాయి. నాలుగు చినుకులు పడితే అలిగి వెళ్ళిపోయేవి, మళ్ళీ ఎప్పుడొస్తాయో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఊరంతా లాంతరు చిమ్నీలు తుడుచుకుని ఊరుకునేది. ఊరుకోనిది మా మావయ్యగారు ఒక్కరే. కరెంటుకు లేని నిలకడ ఆయన కోపానికి ఉండేది. బి.ఎస్సీ. ప్యాసై, ఉద్యోగం దొరక్క ఆయనింట్లోనే ఉంటున్న నాకు అందులో నా వాటా రోజూ అందుతూ ఉండేది.

ఆయన దగ్గర సర్కారు లైసెన్సుతో ఒక వైర్‌లెస్ పెట్టె ఉండేది. వ్యాపారం కాదు, సరదా. అలాంటిదే రాజమండ్రిలో ఆయన స్నేహితుడైన ఇంజనీరుగారి దగ్గర ఒకటి, రాజోలులో మరో స్నేహితుడి దగ్గర ఒకటి ఉండేవి. రాజమండ్రి మాట రాజోలుకు నేరుగా అందేది కాదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన మా తీగ దాన్ని పట్టుకుంటే, మావయ్యగారు అదే మాట మళ్ళీ రాజోలుకు చెప్పేవారు. (ఒకరి మాట ఇంకొకరికి మార్చకుండా చేరవేసే మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కరేనని అత్తయ్యగారు అనేవారు.) గోదావరికి వరదొస్తే ఈ సరదాయే పెద్ద పని అయిపోయేది. ఆనకట్ట దగ్గర నీళ్ళెంత ఉన్నాయో ఇంజనీరుగారు చెబితే, పశువుల్ని గట్టుకు దాటించాలో వద్దో ఏటి మధ్య లంకలవాళ్ళు తేల్చుకునేవారు. అందుకే కరెంటు పోయినా పెట్టె ఆగకుండా బల్ల కింద ఒక బ్యాటరీ ఉండేది. దాని పోషణ నాది. నెలకోసారి మూతలు విప్పి, ఆస్పత్రి కాంపౌండరు సీసాలో ఇచ్చే డిస్టిల్డ్ వాటరు పోయాలి.

"మన నూతిలో నీళ్ళు దీనికి పనికిరావా అబ్బాయి?" అని ఒకసారి అత్తయ్యగారు అడిగారు. సైన్సు చదివినవాణ్ణి, తిన్నగా చెబితే చదువుకు విలువేముంది? "నేల తగలని నీళ్ళే తాగుతుందండి అత్తయ్యగారూ, మహా మడి మనిషి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. మడి ఆవిడకు నవ్వులాట కాదు.

శ్రావణంలో స్నేహితుడి పెళ్ళికి పలివెల వెళ్ళి, ఒకరోజు అన్నవాణ్ణి అయిదు రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి జోరున వాన, కరెంటు లేదు, వరండాలో లంక పెద్ద తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు. పశువులన్నీ లంకలోనే ఉన్నాయి, పడవలు మూడే ఉన్నాయి. వరద రానిదానికి పడవలెక్కిస్తే ఊరికే కాళ్ళు విరిగేవి విరుగుతాయి, వచ్చాక దాటిద్దామంటే మిగిలేవి ఉండవు. నీళ్ళెంతో తెలుసుకుందామని వచ్చాడు. పెట్టె మాత్రం పలకడం లేదు.

"ఈ ఇంట్లో చదువుకున్నవాడికి ఒక్క పని చెప్పేను. ఒక్కటి. బ్యాటరీ కాదురా, నీ చదువే చచ్చింది" అన్నారు మావయ్యగారు.

"తమరు తర్వాత తిట్టుకోండి బాబూ. నీళ్ళెంతో చెబితే నే ఎల్తాను" అన్నాడు లంక పెద్ద.

బ్యాటరీ మూతలు విప్పాను. లోపల గోధుమరంగు నురగ, పులిసిన వాసన. తలెత్తితే గుమ్మంలో అత్తయ్యగారు.

"నువ్వు లేవు కదా, లోపల తక్కువగా కనపడితే నేనే పోసేను. లేత బొండాలు కొట్టించి, వడగట్టి మరీ పోసేను. నేల తగలని నీళ్ళంటే అవేగా అబ్బాయి" అన్నారు.

మావయ్యగారికి బొండాల వరకే వినపడింది. అక్కడి నుంచి ఆయన ఎత్తుకున్న గొంతుకు రాజోలు దాకా వైర్‌లెస్ అక్కర్లేదు. నేను గొడుగు తీసుకుని ఎదురింటి ప్లీడరుగారి దగ్గరకు పరుగెత్తాను. (ఆపదలో పరుగెత్తేవాణ్ణి ఎవరూ ప్రశ్నలడగరు.) మా పెట్టెకు సరిపడే బ్యాటరీ ఆయన కార్లో ఉంది. కాని ఆయనకూ మావయ్యగారికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

"మీ మావయ్య మాట్లాడినప్పుడల్లా నా రేడియోలో కచేరీ కప్పల సంతైపోతోంది. ఆ పెట్టె చచ్చిందా? దేవుడున్నాడు" అన్నారు ప్లీడరుగారు.

"పెట్టె చస్తే ఫరవాలేదండి. లంక మాటేమిటండి?"

ఆయన నన్ను కొట్టబోయి తాళాలు తీశారు. "బ్యాటరీ ఊడదీసి ఆ మనిషి చేతికివ్వను. కారే తెస్తాను పద."

కారు అత్తయ్యగారి కనకాంబరాల మడి తొక్కుకుంటూ వచ్చి కిటికీ కింద ఆగింది. తీగలు లోపలికి లాగాం. "ఆ ఇంజను చప్పుడు తగ్గించమను" అని లోపల్నుంచి మావయ్యగారు. "ముందు ఆయన్ని తగ్గమను" అని బయట్నుంచి ప్లీడరుగారు. నేను కిటికీ దగ్గర నిలబడి, తిట్లు తీసేసి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించాను. చివరకు రాజమండ్రి పలికింది. నీళ్ళు పొద్దుటి నుంచీ ఎక్కుతూనే ఉన్నాయి, చీకటి పడకముందే లంకలు ఖాళీ చెయ్యాలి. మావయ్యగారు అదే మాట నెమ్మదిగా మూడుసార్లు రాజోలుకు చెప్పారు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడడం నేనప్పుడే విన్నాను. "ఆయ్" అని లంక పెద్ద లేచి వానలోకి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మళ్ళీ వచ్చాడు. "మనుషులంతా బాగున్నారండి. పశువులూ గట్టెక్కేయండి, రెండు దూడలు తప్ప. ఆఖరి పడవ బయల్దేరేలోగా నీళ్ళొచ్చేసేయండి. గంట ముందు తెలిస్తే అయ్యీ వచ్చేవి" అన్నాడు. ఎవరినీ తప్పుపట్టలేదు. తప్పుపట్టినా బాగుండేది.

మావయ్యగారు అత్తయ్యగారి వైపు తిరిగారు. "బ్యాటరీకి బొండాంనీళ్ళు పొయ్యమని ఏ మహానుభావుడు చెప్పేడే నీకు?"

ఆవిడ నా వైపు ఒక్కసారి చూశారు. "నాకే తోచిందండి" అన్నారు.

ఊళ్ళో ప్రతి రభసకూ ఒక చమత్కారం సిద్ధంగా ఉంచుకునే నేను స్తంభంలా నిలబడ్డాను. ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా మావయ్యగారు ఆ రెండు దూడల్నీ ఆవిడ మీదికి తోలుతూనే ఉన్నారు. రాస్తుంటే ఒళ్ళు మండుతోంది, ఆయన మీద కాదు.

ఈమధ్య ఉద్యోగానికి సెలవు పెట్టి అమలాపురం వెళ్ళినప్పుడు అన్నాను, "ఆరోజు నేనే చెప్పానని మీరు అనాల్సిందండి అత్తయ్యగారూ."

"అంటే నిన్ను ఇంట్లోంచి పంపించేసేవారు అబ్బాయి. నన్నయితే ఎక్కడికి పంపుతారు?" అన్నారావిడ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఆ స్తంభంగాడి మీద నాకింకా కోపమే. కాని ఆరోజు భోజనం దగ్గర వాడు తల వంచుకునే, పప్పు మాత్రం ఆవిడ చేత మూడుసార్లు వడ్డించుకున్నాడని గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను.