కుడితి వాసన వేసిన కారు

మా వంశంలో కారు కొన్న మొదటివాణ్ణి నేనే. కొన్న నెల తిరక్కుండా దాన్ని అమ్మి పారెయ్యమని ఇంటిల్లిపాది చేతా చెప్పించుకున్నవాణ్ణీ నేనే.

బందరులో మాది పచారీ కొట్టు. నా చదువు స్కూలు ఫైనలు దగ్గర ఆగగానే మా నాన్న నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టారు. తూకం వేయడం తప్పు పని కాదు, మా తాతా అదే చేశాడు. కానీ పొద్దస్తమానం ఆ పళ్ళేలు పైకీ కిందకీ ఊగుతుంటే, నేనూ అలాగే ఉన్నచోట ఊగి ఊగి ముసలివాణ్ణైపోతానని బెంగగా ఉండేది. ఆ రోజుల్లో బందరులో అద్దెకు దొరికే కార్లు బహు తక్కువ. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రికీ, మోపిదేవి మొక్కులకీ జనం కారు కోసం కాచుకుని ఉండేవారు. ఒక పాత కారు కొని అద్దెకు తిప్పితే కాటా ముందునుంచి లేవచ్చని నా ఎత్తు. బస్సు డ్రైవరొకణ్ణి కాఫీలతో, కిళ్ళీలతో మంచి చేసుకుని బండి నడపడం కూడా నేర్చుకున్నాను.

గుడివాడలో ఒక రైసుమిల్లు యజమాని తన నల్ల కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. యుద్ధానికి ముందు ఇంగ్లండులో పుట్టిన బండి. బేరం మా ఇంటి విద్య కదా, కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ దాని తప్పులన్నీ ఏకరువు పెట్టాను. సీట్లు చిరిగాయన్నాను, హారను గొంతు బొంగురుపోయిందన్నాను, ముందు దీపాల్లో ఒకదానికి మెల్లకన్నన్నాను. అన్నిటికన్నా గొప్ప పరీక్ష ఇంకోటి చేశాను. ఇంజను కింద ఎండు కాగితాలు పరిచి, ఆయనిచ్చిన కాఫీని చల్లారబెట్టి మరీ నెమ్మదిగా తాగాను. నూనె గానీ నీళ్ళు గానీ కారితే కాగితం చెప్పేస్తుంది. ఒక్క బొట్టు పడలేదు. లోపల సంతోషాన్ని అణుచుకుని, ముఖం చేదుగా పెట్టి, నా ధర చెప్పాను. ఆయన కాసేపు కూడా పెనుగులాడలేదు, దిగివచ్చాడు. అంత సులువుగా దిగేవాణ్ణి చూసి భయపడాలని మా నాన్న చిన్నప్పట్నుంచీ చెప్పేవారు. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోతూ ఉన్నాను గనక ఆ మాటకు నా బుర్రలో చోటు లేకపోయింది.

ఇంటికి తోలుకొస్తుంటే కవుతరం దాటకముందే బండి ముందు భాగంలోంచి ఆవిరి బుస్సుమని లేచింది. కాలవలో చెంబు ముంచి నీళ్ళు పోశాను. పెడన దగ్గర మళ్ళీ బుస్సు, మళ్ళీ చెంబు. గట్టు మీద ఎడ్లు తోలుకుపోతున్న రైతు ఒకాయన ఆగి, జాలిపడ్డాడో వెక్కిరించాడో గానీ, ‘మా ఎడ్లకీ దాహమేనండీ, కాకపోతే అవి కాలవదాకా నడిచి తాగుతాయి’ అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎటు వెళ్ళినా అదే కథ. చిలకలపూడి దాకా వెళ్ళి రావడానికి కూడా వెనక సీట్లో నీళ్ళ బిందె ఉండాల్సిందే. అద్దె బేరాలు ఒకటి రెండు వచ్చి, బిందెను చూసి వెనక్కి పోయాయి. బజారులో ఇతర కొట్లవాళ్ళు నన్ను చూసినప్పుడల్లా బండికి జ్వరం తగ్గిందా అని అడిగేవారు.

మా నాన్న కోప్పడలేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు, చింతపండు గింజ తీస్తూ, శాంతంగా షరతు చెప్పారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మా అమ్మ మొక్కు ఒకటి తీరాల్సి ఉంది. ఆమెనూ తననూ కార్లో మోపిదేవి తీసుకెళ్ళి, దారిలో ఎక్కడా నీళ్ళు పోసే రేడియేటరు మూత తియ్యకుండా ఇంటికి తీసుకురావాలి. తెస్తే కారు నాది. మూత తీస్తే కారు అమ్మకానికి, నేను కాటాకి.

‘మళ్ళీ కారు మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?’ అన్నారు.

కొంచెం సడలించమని బేరమాడాను. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మూత తియ్యనివ్వమన్నాను. ఆయన చింతగింజలు చేటలోంచి డబ్బాలోకి ఒంపుకుంటూ, ఒకటే ధర అన్నట్టు తల అడ్డంగా ఊపారు.

బందరులో లారీలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను. మనిషి గట్టివాడే గానీ, తెలియదన్న మాట ఆయన నోట పుట్టలేదు. ముందు ఫ్యాను బెల్టు వదులన్నాడు, బిగించాడు. తగ్గలేదు. రేడియేటరు రెక్కల మధ్య పొట్టూ పురుగులూ ఇరుక్కుని గాలి ఆడటం లేదన్నాడు, బ్రష్షుతో కడిగాడు. చూడ్డానికి బాగుంది, ఆవిరి మాత్రం ఆగలేదు. నీటి పంపు విప్పి చూసి, అది బాగానే తిరుగుతోందని దానిమీద కోప్పడ్డాడు. చివరికి ఇంజను హెడ్డు విప్పాలన్నాడు. హెడ్డు విప్పడమంటే కొనుగోలులో నేను మిగుల్చుకున్నదంతా ఆయన చేతిలో పొయ్యడమే. ఆలోచించి చెబుతానని బండి తీసుకుని ఇంటికొచ్చాను. వస్తూ వస్తూ రెండు చోట్ల ఆగానని వేరే చెప్పక్కర్లేదు.

దొడ్లో గేదెల పాక పక్కనే కారు పెట్టేవాణ్ణి. ఆ సాయంత్రం బండి ఆపి, ఆవిరి తగ్గాక మూత తీసి పక్కన నిలబడ్డాను. మా గేదె మెడ చాచింది. ముక్కుపుటాలు ఎగరేసి, ఒకసారి గట్టిగా అరిచి, కారు వైపు తాడు లాగడం మొదలెట్టింది. అమ్మ కుడితి గోలెం దగ్గర్నుంచి లేచి వచ్చింది.

‘కుడితి ఇక్కడుంటే అటు పోతుందేమిట్రా ఇది?’ అని, తనూ రెండడుగులు కారు వైపు వేసి, ముక్కు చిట్లించింది. ‘ఒరే, నీ కారు కుడితి వాసన వేస్తోంది.’

ఇన్నాళ్ళూ నేను దాన్ని ఇంజను వాసన అనుకున్నాను. కారుకు ఏదో ఒక వాసన ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాను. రేడియేటరు మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను. లోపల వేలు పెట్టి రాసి తీస్తే గోధుమరంగు జిగురు అంటుకుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. పచారీ కొట్లో పెరిగినవాడికి ఇంతకుమించి సాక్ష్యం అక్కర్లేదు. అది తవుడు. ఉడికి ఉడికి అంబలైన బియ్యపు తవుడు.

గుడివాడ రైసుమిల్లు, మిల్లు యజమాని, ఎండు కాగితాల మీద పడని నీటిబొట్టు, అన్నీ ఒక్కసారి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. రేడియేటరుకు ఎక్కడో చిల్లి ఉంది. నీళ్ళలో తవుడు కలిపి పోస్తే అది ఉబ్బి చిల్లిలో ఇరుక్కుంటుంది, కారడం ఆగుతుంది. మిల్లు ఊళ్ళో తవుడు కన్నా చవకైన మందేముంది? కానీ చిల్లి ఎక్కడో తవుడుకు తెలియదు గనక లోపలి సన్న గొట్టాలన్నిట్లోనూ ఇరుక్కుంది. నీళ్ళు దిగి చల్లారే దారే మూసుకుపోయింది.

అనుమానం ఒకటి, రుజువు ఒకటి. ధాన్యం కొనేటప్పుడు మా నాన్న బస్తా పైగింజ చూసి మోసపోయేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దోపి ఎక్కడ వేడిగా ఉందో చూసేవారు. తడి ధాన్యం లోపల మగ్గి వేడెక్కుతుంది, చెయ్యి చెప్పేస్తుంది. మర్నాడు పొద్దున్న చల్లటి బండిని కాసేపు నడిపించి, ఇంజను ఆపి, రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి, బస్తా చూసినట్టే అంగుళం అంగుళం తడిమాను. రెండంచులూ కాలిపోతున్నాయి. నడిమి భాగం మాత్రం పొద్దుటి మంచు తగిలినట్టు చల్లగా ఉంది. బస్తాలో వేడి ఉన్నచోట జబ్బు, ఇక్కడ చలవ ఉన్నచోట జబ్బు. వేడి నీళ్ళు నడిమికి రావడమే లేదు.

వెనక అలికిడైంది. మా నాన్న. చేతిలో వేపపుల్ల. నన్ను పక్కకు జరిపి, తనూ అరచెయ్యి ఆనించి, అంచునుంచి నడిమికీ, నడిమినుంచి అంచుకీ జరిపారు.

‘మధ్యలో చచ్చింది,’ అన్నారు.

ఆ ఒక్క మాటా అని లోపలికి వెళ్ళిపోయారు. షరతు మాత్రం సడలించలేదు.

రేడియేటరు విప్పించి, పై మూతిలో నీళ్ళు పోయించాను. కింద ధారగా దూకాల్సిన నీళ్ళు, పిసినారి కొట్లో నూనె గరాటులోంచి జారినట్టు బొట్టు బొట్టుగా దిగాయి. మేస్త్రీ చూసి, తను మొదట్నుంచీ అదే అనుకుంటున్నానన్నాడు. నేను ఒప్పుకున్నాను. మళ్ళీ బిగించే పని ఆయనతోనే కదా.

గొట్టాలు తోమాలంటే రేడియేటరు పైనుండే నీళ్ళ తొట్టి ఊడదియ్యాలి, దాన్ని మళ్ళీ అతకాలంటే సీసం పని తెలిసినవాడు కావాలి. బజారులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు దగ్గరికి మోసుకెళ్ళాను. ఇదీ ఇత్తడే, బిందెకు ఎంతో దీనికీ అంతే అన్నాను. ఆయన కొలిమి తిత్తి ఊదుతూనే, ‘బిందె మోపిదేవి వెళ్ళి రాదు కదండీ బాబుగారూ,’ అన్నాడు. నా షరతు సంగతి ఊరంతా తెలుసన్న మాట. అవసరం కనిపించిపోయాక బేరమాడటం, వాన వెలిశాక గొడుగు తెరవడం ఒకటే. ఆయన అడిగిందే ఇచ్చాను.

తొట్టి ఊడి వచ్చాక చూస్తే, గంజి మాడిన కుండ అడుగులా ఉంది. గొడుగు పుల్లలు సాగగొట్టి పలచన చేసి, ఒక్కో గొట్టంలోకీ నెమ్మదిగా దూర్చి, సాయిబూ నేనూ ఆ మాడంతా బయటికి నెట్టాము. మా కొట్లోంచే చాకలి సోడా తెచ్చి, మరిగే నీళ్ళలో కరిగించి, కింది మూతినుంచి పైకి, ఎదురు దారిన పోశాము. మొదట బురద, తర్వాత కడుగునీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. తవుడు పోయేసరికి అసలు చిల్లి బయటపడింది, కింది మూల కంది గింజంత. దాన్ని సీసంతో మూసి, తొట్టి అతికి, నీళ్ళ గంగాళంలో ముంచి ఊదితే ఒక్క బుడగ రాలేదు.

ఈలోగా ఒకరోజు బస్సులో గుడివాడ వెళ్ళి మిల్లు యజమానిని నిలదీశాను కూడా. ఆయన నన్ను ఆదరంగా కూర్చోబెట్టి, ఆ ప్రాంతంలో అందరూ తవుడే పోస్తారని, దాచాలనుకుని కాదని చెప్పి, ‘కాగితాలు పరిచి, ఒక్క బొట్టు కారడం లేదని చూసుకున్నది మీరే కదండీ,’ అన్నాడు. ఇంకో కాఫీ తాగి వచ్చాను.

బందరు బావుల నీళ్ళు ఉప్పన. ఆ ఉప్పు లోపల పేరుకుంటుందని, తాగడానికి పట్టిన మంచినీళ్ళ బిందెలు రెండు అమ్మను అడిగి రేడియేటరులో పోశాను. ‘గేదెకి లేని మర్యాద,’ అని గొణుగుతూనే ఇచ్చింది.

మోపిదేవి ప్రయాణం రోజు నాన్న నా పక్క సీట్లో కూర్చున్నారు. ఒళ్ళో నిండు చెంబు. నేను ఓడే సమయానికి నీళ్ళు వెతుక్కోకుండా అన్నమాట. కళ్ళు రోడ్డు మీద లేవు, వేడి చూపించే ముల్లు మీద ఉన్నాయి. చల్లపల్లి దాకా ముల్లు బుద్ధిమంతుడిలా సగంలో నిలబడింది. అసలు గండం ఆ తర్వాత వచ్చింది. కాలవగట్టు మీద సన్న దారి, ఎదర మొక్కుబడివాళ్ళ ఎడ్లబళ్ళు బారులు తీరి ఉన్నాయి. తప్పించుకునే చోటు లేదు. ఎద్దు నడకన వెనకాలే వెళ్ళాలి. పరుగున్నప్పుడు గాలి తగిలి చల్లబడే బండి, ఇలా పాకేటప్పుడే మరుగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. ముల్లు కదిలింది. నాన్న చెంబు మీద చెయ్యి బిగించారు. ముల్లు ఇంకొంచెం జరిగింది. నా అరచేతుల చెమటకు స్టీరింగు జారుతోంది.

వెనకనుంచి అమ్మ మెల్లిగా అంది, ‘దేవుడి దగ్గరికి వెళ్తూ బండి ఆగిపోవాలని మొక్కుకుంటున్నారా ఏవిటండీ?’

నాన్న ముల్లు మీదనుంచి చూపు తిప్పి ఎడ్ల వైపు చూశారు. ముల్లు అక్కడే ఆగింది. గుడి గోపురం కనపడేదాకా అక్కడే ఉంది. మూత తియ్యలేదు. తిరుగు దారిలో చెంబులో నీళ్ళు అమ్మ తాగేసింది, నాన్న అడ్డు చెప్పలేదు.

బందరులోకి వచ్చాక కారును తిన్నగా ఇంటికి పోనివ్వలేదాయన. కోనేరు సెంటరు మీదుగా పొమ్మన్నారు. అది చుట్టుదారి అన్నాను. పొమ్మన్నారు. బండికి జ్వరమని నన్ను ఆటపట్టించిన కొట్లన్నిటి ముందునుంచీ వెళ్ళాము. నాన్న ఎవరినీ పలకరించలేదు, మోచెయ్యి మాత్రం కిటికీ మీద పెట్టుకున్నారు. ఒకరిద్దరు కొట్టు దిగి చూశారు. మా కొట్టు ముందు ఆగేసరికి మా వీధి చర్చి పక్కన ఉండే రిటైరైన మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన కూతురి పెళ్ళి అవనిగడ్డలో. పెళ్ళికూతుర్ని అక్కడి చర్చికి తీసుకెళ్ళడానికి కారు కావాలి. నన్ను చూసి మొహమాటంగా అడిగారు, దారిలో ఆగదు కదా అని.

నేను నోరు తెరిచేలోగా నాన్న కారు దిగారు.

‘ఆగితే మీరు అద్దె ఇవ్వక్కర్లేదు మాస్టారూ.’

నేను ఆయన ముఖం వంక చూశాను. మా నాన్న జన్మలో దేనికీ పూచీ పడి ఎరగరు. కందిపప్పులో పుచ్చు లేదని కూడా ఎన్నడూ నోటితో అనలేదు. చూసుకుని తీసుకోండి అనేవారు, అంతే. మాస్టారు సంతోషించారు. ఆ తర్వాత నాన్న చెప్పిన అద్దె విని నాకు దగ్గొచ్చింది. అంత అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. మాస్టారు కాసేపు గుంజి, నాన్న కాసేపు వదిలి, ఇద్దరికీ గౌరవంగా ఉన్నచోట ఆగారు.

కొట్లోకి వెళ్ళి అలవాటుకొద్దీ కాటా వెనక పీట మీద కూర్చోబోయాను. నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపి, తనే కూర్చున్నారు.

‘మీ బాబాయి రెండోవాణ్ణి రేపట్నుంచి ఇక్కడికి రమ్మను,’ అన్నారు. ‘నువ్వు వెళ్ళి బండి తుడుచుకో. పెళ్ళికూతురు ఎక్కాలి.’