రాహేలమ్మ నోట దొరసాని గొంతు

పొద్దున ఏడున్నరకు నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. కొత్త పైసలు వచ్చిన ఏడాది. నేను అణాలిస్తే కండక్టరు విసుక్కుంటూ టికెట్టు చింపాడు. ఇంగ్లీషు మాటల పుట్టుక వెతకడం నాకున్న పిచ్చి. టికెట్టంటే ఒకప్పుడు గోడకు అంటించే చీటీ అని పక్కసీటు రైతుకు చెప్పాను.

"అంటిస్తే ఏంటి, చింపితే ఏంటి మాస్టారూ, నిలబెట్టకుండా సీటిచ్చాడు, అది చాలు," అంటూ ఆయన చిల్లకల్లులో దిగిపోయాడు.

జగ్గయ్యపేటలో రాహేలమ్మ అనే ముసలావిడ ఉందనీ, వయసులో ఒక మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసిందనీ మా డ్రిల్లు మాస్టారు చెప్పారు. ఇంగ్లీషు రాదట. అయినా నలభై ఏళ్ళనాటి దొరసాని డాక్టరు మాటలు విన్నవి విన్నట్టు అప్పజెబుతుందట. పాతవాడుక మాటలు నాలుగు దొరికినా నా నోటుబుక్కు పండినట్టేనని బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు దిగి, హోటల్లో ఇడ్లీ తిని, వాకబు చేసుకుంటూ వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వచ్చిన పని చెప్పగానే నోరు విప్పింది.

నా ఒళ్ళు జలదరించింది. పళ్ళూడిన ఆ నోట్లోంచి ఎవరో పడుచు దొరసాని వేణ్ణీళ్ళు తెమ్మంటోంది, కిటికీలు మూయమంటోంది, ఎవరినో కసురుతోంది. ఒక్క ముక్కకూ ఆవిడకు అర్థం తెలియదు.

భయం పోగొట్టుకోవడానికి నా పాండిత్యం తీశాను. డాక్టరంటే మొదట్లో పాఠం చెప్పేవాడనీ, నర్సంటే పాలిచ్చి పెంచే మనిషనీ చెప్పాను.

"పాలిచ్చే మనిషా!" ఆవిడ చేతులాగాయి. "అయితే బాబూ, ఒకటుంది, అర్థం చెప్పండి. నాకు బిడ్డ పుట్టిన మూడో రోజు మధ్యాహ్నం నా మంచం పక్కన నిలబడి దొరసాని అన్న మాట. సాయంత్రం బిడ్డ పోయిందన్నారు. ఇంతకుముందు ఇద్దర్ని అడిగా. ఒకాయన దేవుడి దీవెనన్నాడు, ఇంకొకాయన మందు మానొద్దందన్నాడు. ఇద్దరూ టీనీళ్ళన్నా తాక్కుండా ఎళ్ళిపోయారు."

దొరసాని గొంతు ఈసారి చాలా మెల్లగా పలికింది. నాకు ఒక్కసారికే అర్థమైంది. బిడ్డ తెల్లవారుజామునే చనిపోయింది, తల్లికి చెప్పకండి, సాయంత్రం దాకా ఒళ్ళోనే ఉంచుకోనివ్వండి.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నిజమే చెప్పాను. తప్పు చేశానేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆవిడ ఏడవలేదు. మళ్ళీ ఒక గింజ తీసి పక్కన పెట్టి, "కాదండీ," అంది. "దొరసాని వెళ్ళాక పాలు తాగింది. కడుపునిండా తాగింది. నాకు తెలీదా?"

టీ పెట్టిస్తే తాగి, పదకొండింటి బస్సుకు తిరుగుముఖం పట్టాను. మాటల మీద మోజున్నవాళ్ళను రాహేలమ్మ దగ్గరికి వెళ్ళమనే చెబుతాను. అర్థం చెప్పే గుండె ఉంటేనే వెళ్ళండి.

బస్సులో ఎదుటి సీట్లో ఒకావిడ ఒళ్ళో పసిపాప ఉంది. అంత కుదుపులోనూ కదలడం లేదు.

"నిద్రపోతోందా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడే పాలు తాగి పడుకుందండీ," అందావిడ.

నందిగామ వచ్చేదాకా ఆ పాప కదులుతుందేమోనని చూస్తూనే కూర్చున్నాను.