మూడో పాట అయిపోయాక

మా చిన్నప్పుడు ఒక సినిమా క్యాసెట్‌లో మూడో పాట అయిపోగానే మా అవ్వ మా అమ్మను పిలిచేది... "లచ్చుమీ, వాన వస్తాంది, పత్తి లోపలెయ్" అని.

తప్పు నాదే. అది ఆదోనిలో కొన్న క్యాసెట్. అంచున ఉండే రెండు గుంతల మీద కాగితం అంటిస్తే మన గొంతు కూడా ఎక్కుతుందని బడిలో చెప్పారు. పెద్ద గాయకుడిలా ఎర్ర బటన్ నొక్కాను... నేను నోరు తెరిచేలోపే వాకిట్లోంచి అవ్వ కేక. నాలుగో పాట మొదలు చెడిపోయిందని నాన్న చేతిలో తన్నులు తిన్నాను.

మరుసటి ఏడు అవ్వ పోయింది. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. మాకు మిగిలింది ఆ కేకే... వంట చేస్తూ వినే అమ్మ, ఆ చోటు రాగానే "వస్తాండా అత్తా" అనేది. మేం నవ్వేవాళ్లం.

అప్పట్లో పాటలు వరసగా వినాల్సిందే. ఒకటి అయిపోతుండగానే తర్వాతది మనసులో మొదలయ్యేది. ఇప్పుడు నచ్చిన పాట ఒక్కటే దించుకుంటున్నాం... దానికి ముందూ వెనకా ఏమీ ఉండదు.

టేపు సాగిపోతోందని పోయిన నెల ఎమ్మిగనూరులో ఒక షాపులో ఇచ్చాను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని. సాయంత్రం పోతే షాపాయన సంబరంగా చెప్పాడు.

"నీ టేపు తెగిపోయిందన్నా, చెత్తబండిలో ఏసినా. అవే పాటలు నెట్‌లోంచి దించినా. గరగర ల్యాకుండా బాగుండాయి."

పాపం, మంచే చేశాననుకున్నాడు. గోనెగండ్ల బస్సెక్కాక ఏడుపొచ్చింది.

అమ్మకు చెప్పే ధైర్యం లేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా అవే పాటలు పెట్టాను. మూడోది అయిపోయింది. తర్వాత రెండు క్షణాలు ఖాళీ... అందులో ఏమీ లేదు.

"వస్తాండా అత్తా" అంది అమ్మ.

లేచి పెరట్లోకి పోయింది. పత్తి వేయడం మానేసి ఏళ్లయింది. తీగ మీద బట్టలుంటే వాటినే గబగబా తీస్తోంది. ఎండ మండుతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు.

"అమ్మా, అవ్వ కేక దీంట్లో లేదు" అన్నాను మెల్లగా.

అమ్మ నా వంక వింతగా చూసింది. "ల్యాకపోవడమేందప్పా? ఈసారి గరగర ల్యాకుండా ఎంత బాగ ఇనపడిందో."

మీ ఇళ్లలో పాత క్యాసెట్లుంటే పారేయకండి. పాటకీ పాటకీ మధ్య ఎవరున్నారో విని, కింద రాయండి... నేనైతే రోజూ మూడో పాట అయిపోయాక కదలకుండా కూర్చుంటున్నాను. అమ్మ లేచి వెళ్తూనే ఉంది. నాకే ఏమీ వినపడటం లేదు.