స్తే అనే పేరు

మా పై అంతస్తులో ఉండే జపాన్ ఆంటీ తన అమ్మమ్మ పేరు చెప్పినప్పుడు, నేను పాపను భుజాన వేసుకుని తేన్పు కోసం వీపు నిమురుతున్నాను.

"స్తే," అంది. "పారేసిన పిల్ల అని అర్థం."

నాకు నవ్వు రాలేదు. ఈ పాపకు ముందు పుట్టిన బాబు ఆసుపత్రి నుంచి ఇంటికి రానేలేదు. ఈ పాప కూడా నెలలు నిండకుండానే పుట్టింది. ఇంకా పేరు పెట్టలేదు. ఏ మంచి పేరు అనుకున్నా, పైకి పలకగానే గదిలో ఇంకెవరో విన్నట్టు అనిపించేది.

ఆంటీ ఇక్కడి ఆయన్ని పెళ్లి చేసుకుని ఐర్లండ్‌లో, ఈ కార్క్ ఊళ్లోనే ఉండిపోయింది. తన చిన్నప్పుడు విన్నదంతా చెప్పింది. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో ఆడపిల్ల పుడితే, చాటలో పెట్టి దారులు కలిసే చోట వదిలేసేవారట. ముందే మాట్లాడుకున్న పొరుగామె దొరికిన పిల్లలా ఎత్తుకొచ్చి తల్లికిచ్చేదట. ఎవరికీ అక్కర్లేని పిల్ల అని పేరే చెబుతుంటే, తీసుకుపోవడానికి వచ్చినది కూడా వదిలేసి పోతుందని నమ్మకం.

"బతికిందా?"

"బతకడమా? ముసలితనంలో కూడా నా చెవులు మెలిపెట్టేది."

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మన పెంటమ్మలు ఎక్కణ్నుంచి వచ్చారనుకున్నావే? మీ తాతమ్మనీ చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. వట్టి పేరు పెడితే సరిపోదు తల్లీ, పారేయాలి కూడా."

మా ఆయన నవ్వాడు. "కారిడార్‌లో పిల్లను పెడితే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేస్తారు. అప్పుడు నిజంగానే పట్టుకుపోతారు." నేను నవ్వకపోవడం చూసి సరేనన్నాడు. ఆంటీతో ముందే మాట్లాడుకుని, ఆదివారం మధ్యాహ్నం పాపను పడుకోబెట్టిన కార్ సీట్ తనే బయట పెట్టి వచ్చాడు.

తల్లి చూడకూడదు. తలుపు వేసుకుని చెక్కకు చెవి ఆనించి నిలబడ్డాను. పాప ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. అడుగుల చప్పుడు మాత్రం వినిపించలేదు. ఆగలేక తలుపు తీశాను. కారిడార్ ఖాళీగా ఉంది. కార్ సీట్ లేదు.

మెట్లెక్కి పరిగెత్తి ఆంటీ తలుపు బాదాను. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"ఇంత తొందరగా వస్తే పారేసినట్టెలా అవుతుంది?" అని కసిరింది. కాసేపు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, పాపను చేతికిచ్చింది. "నాకు దొరికింది. నాది. నువ్వు పెంచు."

"సరే," అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

అప్పట్నుంచి ఇంట్లో స్తే అనే పిలుస్తున్నాం. పాప బరువు పెరిగింది. ఊపిరి వినబడేంత దగ్గరగా కూర్చుని ఇది రాస్తున్నాను. దగ్గు మాత్రం నిన్నటి నుంచీ ఉంది.

పొద్దున జీపీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి పాపను చూసి ముచ్చటపడి, "మమ్మీ మీరేనా?" అని అడిగింది.

వెనక కుర్చీల్లోంచి మళ్లీ ఇంకెవరో వింటున్నట్టు అనిపించింది. "కాదు. పెంచుతున్నానంతే," అన్నాను.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఈసారి ముద్దు చేయకుండా, నెమ్మదిగా, అదే ప్రశ్న అడిగింది. పాప నా మెడలో ముఖం దాచుకుని దగ్గుతోంది.

మళ్లీ కాదన్నాను.